'సర్వర్ డౌన్' అంటే నిజంగా సర్వరే పడిపోయిందా..? బ్రాంచ్ ఆఫీసులో లింకు ఎక్కడ తెగిందో ఇలా పట్టేయొచ్చు!

పింఛన్ డబ్బుల కోసం బ్యాంకుకెళ్తే సర్వర్ డౌన్. రిజిస్ట్రేషన్ ఆఫీసుకెళ్తే సర్వర్ డౌన్. సొసైటీలో పంట రుణం రెన్యువల్‌కు వెళ్లినా అదే మాట. "ఏమయ్యా, నిన్నా ఇదే చెప్పావు గదా" అని ముసలాయన అడిగితే, "ఏం చేయమంటావు పెద్దాయనా.. హైదరాబాద్‌లోనే పోయిందంట" అని కౌంటర్‌లోంచి జవాబొస్తుంది. ఆ రోజు కూలి, ఆటో ఛార్జీ రెండూ పోయినట్టే.

అయితే చాలాసార్లు సర్వర్ భేషుగ్గా నడుస్తూనే ఉంటుంది. పక్క మండలం బ్రాంచ్‌లో అదే సర్వర్ మీద పనులు జరిగిపోతుంటాయి. తెగింది మధ్య దారిలో. అది బల్ల కింద వైరు కావొచ్చు, మూలనున్న మోడెం కావొచ్చు, ఆఖరికి కంప్యూటర్‌లో తప్పు టైమ్ చూపిస్తున్న గడియారం కూడా కావొచ్చు. ఎక్కడ తెగిందో చెప్పకుండా 'సర్వర్ డౌన్' అని ఫిర్యాదు పెడితే, హెడ్డాఫీసు వాళ్లు సర్వర్ చూసుకుని "ఇక్కడంతా బాగానే ఉంది" అని టికెట్ మూసేస్తారు. బ్రాంచ్‌లో క్యూ మాత్రం కదలదు.

ఇంజినీర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. కాస్త ఓపిక పడితే సిబ్బందే తెగిన చోటును చాలావరకు గుర్తించొచ్చు. బాగు చేయడం చేతకాకపోయినా, కనీసం ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది. అసలు టైమ్ ఎక్కువ పోయేది అక్కడే మరి.

ఎంటర్ కొట్టాక ఏం జరుగుతుంది?

ఐదారు కంప్యూటర్లున్న ఓ మండల స్థాయి బ్రాంచ్‌నే తీసుకోండి. ఉద్యోగి ఎంటర్ కొట్టగానే ఆ సమాచారం ల్యాన్ వైరు గుండా గోడకున్న స్విచ్‌కు చేరుతుంది. అక్కడి నుంచి రౌటర్‌కు, రౌటర్ నుంచి ఫైబర్ లైన్ మీదుగా ఇంటర్నెట్ కంపెనీకి వెళ్తుంది. నలుగురూ తిరిగే రోడ్డు మీద డబ్బు తీసుకెళ్లేటప్పుడు తాళం వేసిన వ్యాన్ వాడినట్టు, ఇంటర్నెట్ మీద ఆఫీసు సమాచారం వీపీఎన్ అనే రహస్య మార్గంలో పోతుంది. అటువైపు డేటా సెంటర్ గేటు దగ్గర ఫైర్‌వాల్ కాపలా కాస్తుంటుంది. అది దాటాక సర్వర్, సర్వర్‌లో ఆ పని చేసే ప్రోగ్రామ్, చివరగా లాగిన్.

ఇన్ని మజిలీల్లో ఏ ఒక్కటి దెబ్బతిన్నా తెర మీద కనిపించేది ఇంచుమించు ఒకే మెసేజ్. విండోస్‌లోని రిమోట్ డెస్క్‌టాప్‌నే చూడండి. కనెక్ట్ కాకపోతే అది ఒకేసారి మూడు కారణాలు చెబుతుంది.. అవతలి కంప్యూటర్‌లో రిమోట్ సౌకర్యం ఆన్ చేసి ఉండకపోవచ్చు, అది ఆఫ్ అయి ఉండొచ్చు, లేదా నెట్‌వర్క్‌లో అందుబాటులో లేకపోవచ్చు. ఈ మూడింటిలో ఏదో దానికే తెలియదు. అందుకే మన కుర్చీ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మజిలీ చూసుకుంటూ బయటికి పోవాలి.

ముందు అడగాల్సింది.. 'ఒక్కరికేనా, అందరికా?'

ఏ వైరూ పీకకముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. బ్రాంచ్‌లో ఒక్క కంప్యూటర్‌కే రావట్లేదంటే సర్వర్, ఫైబర్, వీపీఎన్ దాదాపు నిర్దోషులే. తప్పు ఆ కంప్యూటర్‌లోనో, దాని వైరులోనో, ఆ ఉద్యోగి లాగిన్‌లోనో ఉంటుంది. బ్రాంచ్‌లో ఎవరికీ రావట్లేదు, పక్క బ్రాంచ్‌లో మాత్రం వస్తోందంటే తెగింది బ్రాంచ్ రౌటర్‌కూ డేటా సెంటర్ గేటుకూ మధ్య. పక్క రెండు బ్రాంచ్‌లకు ఫోన్ చేస్తే వాళ్లూ గగ్గోలు పెడుతుంటే.. అప్పుడు హెడ్డాఫీసు వైపు చూడాలి. ఒక్క ఫోన్ కాల్‌తో సగం అనుమానాలు ఎగిరిపోతాయి. అయినా చాలా ఆఫీసుల్లో ఈ కాల్ ఎవరూ చేయరు!

రెండో ప్రశ్న.. 'నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?' సాయంత్రం దాకా నడిచింది పొద్దున్నే ఆగిపోయిందంటే మధ్యలో ఏదో జరిగే ఉంటుంది. రాత్రి విండోస్ అప్‌డేట్ అయ్యి ఉండొచ్చు. ఇంటర్నెట్ ప్లాన్ మార్చి ఉండొచ్చు. కొత్త సీసీ కెమెరాల బాక్సు బిగించి ఉండొచ్చు. కెమెరాలకూ సర్వర్‌కూ ఏం సంబంధం అనుకోవద్దు. బిగించినాయన ఆ బాక్సుకు ఇచ్చిన ఐపీ నంబర్, అప్పటికే క్యాషియర్ కంప్యూటర్‌కు ఉన్న నంబరే అయితే రెండూ కొట్టుకుంటాయి. ఒకే ఇంటి నంబర్ రెండిళ్లకు రాస్తే పోస్ట్‌మ్యాన్ పడే అవస్థే నెట్‌వర్క్ పడుతుంది. కాసేపు వస్తుంది, కాసేపు పోతుంది.

కరెంటు పోతే సర్వర్ పోయినట్టే!

పల్లె బ్రాంచ్‌ల్లో ఎక్కువగా కనిపించే తంతు ఇది. కంప్యూటర్లన్నీ యూపీఎస్ మీద ఉంటాయి. మోడెం, రౌటర్ మాత్రం మూలనున్న మామూలు ప్లగ్గులో ఉంటాయి. కరెంటు పోతుంది. యూపీఎస్ అందుకుంటుంది కాబట్టి కంప్యూటర్లు వెలుగుతూనే ఉంటాయి, కరెంటు పోయిన సంగతి లోపల కూర్చున్నవాళ్లు పట్టించుకోరు. మోడెం చచ్చిపోతుంది. తెర మీద కనెక్షన్ పోయిందని వస్తుంది. ఇంకేముంది.. 'సర్వర్ డౌన్'. కరెంటు వచ్చాక కూడా మోడెం మళ్లీ లైన్ పట్టుకుని, దాని మీద వీపీఎన్ లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోగా కంగారుపడి మళ్లీ ఆఫ్ చేస్తే కథ మొదటికొస్తుంది. మోడెం, స్విచ్‌ల ప్లగ్గులు యూపీఎస్‌లోకి మార్చితే చాలు.. అవి తినే కరెంటు ఓ చిన్న బల్బు అంత కూడా ఉండకపోవచ్చు.

తర్వాత లైట్లు చూడాలి. ల్యాన్ వైరు గుచ్చిన చోట కంప్యూటర్ వెనకా, స్విచ్ మీదా చిన్న లైట్లు మినుకుమినుకుమంటుండాలి. ఏమీ వెలగకపోతే వైరు ఊడిందో, తెగిందో, ఎలుక కొరికిందో! వైరు మార్చి చూడాలి, స్విచ్‌లో వేరే రంధ్రంలో గుచ్చి చూడాలి. మరోవైపు లైట్లన్నీ ఒకేసారి పిచ్చిపట్టినట్టు ఆగకుండా కొట్టుకుంటూ, ఆఫీసు మొత్తం నెట్‌వర్క్ పడిపోతే, ఓ వైరు రెండు కొసలూ ఒకే స్విచ్‌లో గుచ్చేశారేమో చూడాలి. ఊడ్చేటప్పుడు ఊడిన వైరును ఎవరో మంచి మనసుతో కనిపించిన రంధ్రంలో పెట్టేస్తారు. సమాచారం అందులోనే గిరగిరా తిరిగి అందరి దారీ మూసేస్తుంది. ఆ వైరు లాగేయగానే ఆఫీసు లేచి కూర్చుంటుంది.

ఫైబర్ మోడెం మీద 'లాస్' అనే లైటు ఎర్రగా వెలుగుతుంటే మాత్రం బ్రాంచ్‌లో ఎవరూ చేయగలిగింది పెద్దగా లేదు. బయట కేబుల్ తెగినట్టే లెక్క. రోడ్డు పనుల్లో జేసీబీ తగిలినా, గాలివానకు స్తంభం మీద వైరు తెగినా ఇదే లైటు. ఫోన్ చేయాల్సింది ఇంటర్నెట్ కంపెనీకి, సర్వర్ వాళ్లకు కాదు.

169తో మొదలైతే.. అర్థం ఇదీ!

వైర్లు, లైట్లు బాగానే ఉన్నాయనుకోండి. స్టార్ట్ బటన్ నొక్కి సీఎండీ అని టైప్ చేస్తే నల్ల తెర వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని కొడితే కంప్యూటర్‌కున్న ఐపీ నంబర్ కనిపిస్తుంది. అది 169.254తో మొదలైతే, రౌటర్ నుంచి నంబర్ అందక కంప్యూటర్ తనకు తానే ఓ నంబర్ తగిలించుకుందన్నమాట. ఆ నంబర్‌తో ఆఫీసు గడప కూడా దాటలేదు. స్విచ్, రౌటర్ వైపు చూడాలి. 

సరైన నంబరే ఉంటే అదే తెరలో 'డిఫాల్ట్ గేట్‌వే' అని ఇంకో నంబర్ కనిపిస్తుంది. అదే బ్రాంచ్ రౌటర్. పింగ్ అని టైప్ చేసి, పక్కన ఆ నంబర్ కొట్టాలి. జవాబొస్తే ఇంటి గుమ్మం దాకా దారి బాగుంది. తర్వాత 8.8.8.8 అనే నంబర్‌ను పింగ్ చేయాలి. ఇది గూగుల్ వాళ్ల పబ్లిక్ డీఎన్ఎస్ సర్వర్. అదీ పలికితే ఊరి బయటి దాకా, అంటే ఇంటర్నెట్ దాకా, దారి బాగున్నట్టే. కొన్ని బ్యాంకుల్లో, ప్రభుత్వ ఆఫీసుల్లో బయటి ఇంటర్నెట్‌ను కావాలనే మూసేసి ఉంచుతారు. అక్కడ 8.8.8.8 పలకకపోవడం మామూలే.

నంబర్‌తో వస్తోంది.. పేరుతో రావట్లేదు!

సర్వర్‌ను దాని ఐపీ నంబర్‌తో పిలిస్తే పలుకుతోంది, పేరుతో పిలిస్తే మాత్రం 'దొరకలేదు' అంటోంది. ఇదే జరిగితే తప్పు డీఎన్ఎస్‌ది. డీఎన్ఎస్ అంటే ఫోన్‌లోని కాంటాక్ట్స్ లాంటిది. పేరు చెబితే నంబర్ తీసి ఇస్తుంది. కాంటాక్ట్స్ చెరిగిపోతే అవతలి మనిషి ఉన్నా, ఆయన ఫోన్ పనిచేస్తున్నా మనం కాల్ చేయలేం కదా.. ఇదీ అంతే.

ఇది చిన్న బ్రాంచ్‌ల సమస్యే అనుకుంటే పొరపాటు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ప్రపంచమంతటా దాదాపు ఆరు గంటలు మూగబోయాయి. మెయింటెనెన్స్ పనిలో ఇచ్చిన ఓ కమాండ్ ఆ సంస్థ డేటా సెంటర్లను కలిపే లింకులను తెంపేసింది. దాంతో ఫేస్‌బుక్ డీఎన్ఎస్ సర్వర్లకు వెళ్లే దారి ఇంటర్నెట్ మ్యాప్ నుంచే మాయమైంది. డీఎన్ఎస్ సర్వర్లు నడుస్తూనే ఉన్నాయి. కానీ వాటి దగ్గరికి ఎలా వెళ్లాలో ప్రపంచంలో ఏ కంప్యూటర్‌కూ తెలియలేదు. తలుపులు తెరిచే వ్యవస్థలూ అదే నెట్‌వర్క్ మీద ఆధారపడటంతో సిబ్బంది తమ బిల్డింగుల్లోకి వెళ్లడానికే తంటాలు పడ్డారు.

బ్రాంచ్‌లో దీనికి ఎక్కువగా కనిపించే కారణం మరీ మామూలుది. నెట్ స్లోగా ఉందని ఎవరో యూట్యూబ్ చూసి కంప్యూటర్‌లో డీఎన్ఎస్‌ను 8.8.8.8కి మార్చేస్తారు. బయటి వెబ్‌సైట్లు చక్కగా వస్తాయి. ఆఫీసు సర్వర్ పేరు మాత్రం రాదు. ఎందుకంటే ఆ పేరు హెడ్డాఫీసు సొంత డీఎన్ఎస్‌లో తప్ప గూగుల్‌కు తెలియదు. డీఎన్ఎస్ మళ్లీ పాత నంబర్‌కు మారిస్తే సరి. మార్చాక కూడా రాకపోతే, కంప్యూటర్ పాత జవాబునే గుర్తుపెట్టుకుని ఉండొచ్చు. ఐపీకాన్ఫిగ్ పక్కన ఫ్లష్‌డీఎన్ఎస్ ఆప్షన్ కొడితే అది చెరిగిపోతుంది.

జవాబు రాకపోవడం వేరు.. 'లేదు పో' అనడం వేరు

అన్నిటికన్నా ఎక్కువ సంగతి చెప్పేది ఎర్రర్ మెసేజ్‌లోని ఒక్క మాటే. కానీ దాన్ని ఎవరూ చదవరు, ఓకే కొట్టేస్తారు. 'టైమ్డ్ అవుట్' అని వస్తే తలుపు కొట్టాం, కొట్టాం.. లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదని అర్థం. దారి తెగిపోయి ఉండొచ్చు, అవతలి మెషీన్ ఆగిపోయి ఉండొచ్చు, లేదా గేటు దగ్గర ఫైర్‌వాల్ మన చీటీని చడీచప్పుడు లేకుండా చించేసి ఉండొచ్చు. 'రెఫ్యూజ్డ్' అని వస్తే కథ వేరు. అంటే ఎవరో తలుపు తీసి మరీ "మీరడిగే మనిషి ఇక్కడ లేడు" అని చెప్పారు. చాలావరకు దారి బాగుందనీ, సర్వర్ మెషీన్ నడుస్తోందనీ, దాని మీద నడవాల్సిన ప్రోగ్రామే ఆగిపోయిందనీ అర్థం. అలాంటప్పుడు బ్రాంచ్‌లో మోడెం పది సార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా ఫలితం ఉండదు. హెడ్డాఫీసులో ఆ సర్వీస్‌ను రీస్టార్ట్ చేయాలి.

పింగ్‌ను నమ్మే విషయంలో ఓ జాగ్రత్త ఉంది. భద్రత కోసం చాలా సర్వర్లు పింగ్‌కు అసలు జవాబివ్వవు. కాబట్టి పింగ్ రాలేదని సర్వర్ చచ్చిపోయినట్టు కాదు. పింగ్ వచ్చిందని అంతా బాగున్నట్టూ కాదు. ఒక భవనానికి ఎన్నో తలుపులున్నట్టు, సర్వర్‌కు పోర్టులనే తలుపులుంటాయి. రిమోట్ డెస్క్‌టాప్ తలుపు నంబర్ 3389. వెబ్‌సైట్లది 443. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌తో సర్వర్ పేరు, పోర్టు నంబర్ ఇస్తే.. సరిగ్గా ఆ తలుపు తెరిచి ఉందో లేదో చెప్పేస్తుంది. ట్రూ అని వస్తే దారీ తలుపూ రెండూ ఓకే.

వీపీఎన్ 'కనెక్టెడ్' అంటుంది.. పని మాత్రం కాదు

బ్రాంచ్ సిబ్బందినే కాదు, ఇంజినీర్లనూ తిప్పలు పెట్టేది ఇదే. పచ్చ గుర్తు వెలుగుతుంటుంది, సర్వర్ మాత్రం రాదు. ముఖ్యంగా మూడు సందర్భాలు కనిపిస్తాయి.

ఒకటి.. నంబర్ల తగువు. ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో చాలా రౌటర్లు ఫ్యాక్టరీ నుంచే 192.168.1 లేదా 192.168.0 నంబర్ల వరుసతో వస్తాయి. హెడ్డాఫీసులోనూ అదే వరుస వాడితే, సర్వర్ కోసం పంపిన సమాచారాన్ని కంప్యూటర్ "ఇది మన గదిలోదే కదా" అనుకుని వీపీఎన్‌లోకి పంపదు, బ్రాంచ్‌లోనే వెతుక్కుంటుంది. పాత రౌటర్ కాలిపోయి బజార్లో కొత్తది కొనుక్కొచ్చి పెట్టిన మర్నాడే ఈ సమస్య వచ్చిందంటే అనుమానించాల్సింది దీన్నే.

రెండోది.. చిరునామా మారడం. డేటా సెంటర్ ఫైర్‌వాల్ కొన్ని బ్రాంచ్‌ల ఇంటర్నెట్ నంబర్లను మాత్రమే లోపలికి రానిస్తుంది. ఇంటర్నెట్ కంపెనీ మారినా, ప్లాన్ మారి స్టాటిక్ ఐపీ పోయినా బ్రాంచ్ కొత్త నంబర్‌తో గేటు దగ్గర నిలబడుతుంది. కాపలావాడు గుర్తుపట్టడు. బ్రాంచ్‌లో యూట్యూబ్ సహా అన్నీ వస్తుంటాయి, ఆఫీసు సర్వర్ ఒక్కటే రాదు. మొబైల్ డేటా హాట్‌స్పాట్ మీద పెట్టినప్పుడూ ఇంతే. మొబైల్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమందికి పంచి ఇస్తుంటాయి కాబట్టి దాన్ని ఫైర్‌వాల్‌లో రాయించుకోవడమూ కుదరదు. బిల్లు ఆదా చేద్దామని ప్లాన్ మార్చేముందు హెడ్డాఫీసు నెట్‌వర్క్ టీమ్‌కు ఒక్క మెయిల్ పెడితే ఈ గొడవే ఉండదు.

మూడోది కాస్త చిత్రమైనది. పింగ్ వస్తుంది. లాగిన్ పేజీ వస్తుంది. పాస్‌వర్డ్ కొట్టాక పెద్ద పేజీ తెరుచుకోవాల్సిన చోట తెర గడ్డకట్టేస్తుంది. చిన్న ప్యాకెట్లు పోతున్నాయి, పెద్దవి ఇరుక్కుంటున్నాయి. మామూలు ల్యాన్‌లో ఒక్కో ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉండొచ్చు. యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో నడిచే పీపీపీవోఈ బ్రాడ్‌బ్యాండ్‌లో ఆ హద్దు 1492. వీపీఎన్ తన తాళం బరువు కూడా కలుపుతుంది కాబట్టి ఇంకా తగ్గుతుంది. లారీ ఎత్తు వంతెన కంటే ఎక్కువైతే ఏమవుతుందో ఇక్కడా అదే. పింగ్‌లో 'ముక్కలు చేయొద్దు' అనే ఎఫ్ ఆప్షన్‌తో 1472 సైజు పెట్టి చూస్తే (దానికి 28 బైట్ల తలకట్టు కలిసి 1500 అవుతుంది) పోవడం లేదని తేలితే సైజు తగ్గించుకుంటూ రావాలి. ఎక్కడ పోవడం మొదలైందో ఆ అంకె నెట్‌వర్క్ టీమ్‌కు చెబితే రౌటర్‌లో ఎంటీయూ సరిచేస్తారు. సిబ్బంది తామే మార్చడం మాత్రం మంచిది కాదు.

గడియారం తప్పితే తలుపు తెరుచుకోదు

సాయంత్రం వెళ్లేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేసే ఆఫీసుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. కంప్యూటర్ మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. దాని నంబర్ సాధారణంగా సీఆర్2032. కరెంటు లేనప్పుడు టైమ్ గుర్తుంచుకునే పని దానిదే. కొన్నేళ్లకు అది అయిపోతుంది. పొద్దున్నే ఆన్ చేస్తే తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. సర్వర్ చూపించే సెక్యూరిటీ సర్టిఫికెట్ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతుంది. కంప్యూటర్ దృష్టిలో ఆ తేదీ ఇంకా రానేలేదు! అందుకే 'ఈ కనెక్షన్ సురక్షితం కాదు' అని ఎర్ర తెర చూపిస్తుంది. ఆఫీసు డొమైన్‌లో లాగిన్ అయ్యే చోట ఇంకా కఠినం. విండోస్ మామూలు సెట్టింగ్‌లో కంప్యూటర్ గడియారానికీ సర్వర్ గడియారానికీ తేడా 5 నిమిషాలు దాటితే కెర్బెరోస్ అనే గుర్తింపు పద్ధతి లోపలికి రానివ్వదు.

వంద రూపాయల లోపు బ్యాటరీ కోసం వంద మంది క్యూలో నిలబడటం అంటే ఇదే. కింద కుడి మూలన తేదీ, టైమ్, టైమ్ జోన్ చూడటానికి రెండు సెకన్లు చాలు.

తలుపు దాకా వెళ్లాక..

దారంతా బాగుండి, లాగిన్ దగ్గర ఆగిపోయిందంటే అది నెట్‌వర్క్ సమస్య కాదు. పాస్‌వర్డ్ గడువు తీరి ఉండొచ్చు. రిమోట్ డెస్క్‌టాప్‌లో ముందస్తు గుర్తింపు, అంటే ఎన్ఎల్ఏ, ఆన్‌లో ఉంటే గడువు తీరిన పాస్‌వర్డ్‌ను అక్కడే మార్చుకునే అవకాశం సాధారణంగా రాదు. అడ్మిన్‌తో రీసెట్ చేయించుకోవాల్సిందే. తప్పు పాస్‌వర్డ్ పదే పదే కొడితే అకౌంట్ లాక్ అవుతుంది. కొత్తగా పెట్టిన టెర్మినల్ సర్వర్ సరిగ్గా నాలుగు నెలలకు అందర్నీ బయటికి నెట్టేసిందంటే లైసెన్స్ మర్చిపోయారని అర్థం. విండోస్ సర్వర్‌లో ఆ లైసెన్సుకు ఇచ్చే గడువు 120 రోజులు.

అప్‌డేట్లు తెచ్చే చిక్కుకు 2018 మే నెల మంచి ఉదాహరణ. క్రెడ్‌ఎస్‌ఎస్‌పీ అనే గుర్తింపు విధానంలోని లోపాన్ని మూసేస్తూ మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఇచ్చింది. బ్రాంచ్ కంప్యూటర్ అప్‌డేట్ అయ్యి, సర్వర్ కాకపోతే కొత్తది పాతదాన్ని నమ్మదు. దాంతో ఎన్నో ఆఫీసుల్లో ఒక్కసారిగా రిమోట్ డెస్క్‌టాప్ ఆగిపోయింది. చాలామంది అప్‌డేట్‌ను తీసేసి పని కానిచ్చారు. చేయాల్సింది సర్వర్‌నూ అప్‌డేట్ చేయడం.

లింకు రావట్లేదని అడ్డదారి తొక్కితే..

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇక్కడే ఉంది. క్యూ పెరుగుతోంది, పై నుంచి ఒత్తిడి. ఎవరో తెలిసిన కుర్రాడు వచ్చి "వీపీఎన్ ఎందుకు సార్, రౌటర్‌లో 3389 పోర్టు ఓపెన్ చేస్తే డైరెక్టుగా వచ్చేస్తుంది" అంటాడు. నిజమే, వచ్చేస్తుంది. సర్వర్ బ్రాంచ్‌కు వస్తుంది.. ప్రపంచంలోని దొంగలందరికీ కూడా వస్తుంది. ఇంటర్నెట్ మీద తెరిచి ఉన్న 3389 తలుపుల కోసం రాత్రింబవళ్లు వెతికే ప్రోగ్రామ్‌లు ఉంటాయి. అవి పాస్‌వర్డ్‌లు ఒక్కొక్కటిగా కొట్టుకుంటూ పోతాయి. ఒక్కటి తగిలితే లోపలికొచ్చి ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడుగుతారు. అదే ర్యాన్సమ్‌వేర్. రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరగాళ్లు ఎక్కువగా వాడుకుంటున్నారని అమెరికా ఎఫ్‌బీఐ 2018 సెప్టెంబర్‌లోనే హెచ్చరించింది. 2019 మే నెలలో బయటపడిన 'బ్లూకీప్' లోపంతో అయితే పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకుండా లోపలికి రావొచ్చు. తీవ్రత చూసి మైక్రోసాఫ్ట్ అప్పటికే మద్దతు ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మందు విడుదల చేసింది.

"ఒకసారి ఫైర్‌వాల్, యాంటీవైరస్ ఆఫ్ చేసి చూద్దాం" అనేది రెండో అడ్డదారి. ఆఫ్ చేసింది మళ్లీ ఆన్ చేయడం ఎవరికీ గుర్తుండదు. 2017 మే నెలలో ప్రపంచాన్ని కుదిపేసిన 'వాన్నా క్రై' వైరస్ ఫైల్ షేరింగ్‌కు వాడే 445 పోర్టు గుండా ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పాకింది. ఏపీ పోలీస్ శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా అప్పట్లో దాని బారిన పడ్డాయి. దాన్ని ఆపే అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చిలో వచ్చింది. వేసుకోనివాళ్లే దెబ్బతిన్నారు.

బ్రాంచ్‌కు లింకు పోవడం వల్ల ఒక రోజు పని ఆగుతుంది. తలుపు బార్లా తెరిచి పెడితే అన్ని బ్రాంచ్‌ల లెక్కలూ పోతాయి. 2024 జులై 31న జరిగింది చూస్తే అది అర్థమవుతుంది. సహకార, గ్రామీణ బ్యాంకులకు టెక్నాలజీ సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్‌పై ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. అది మిగతా వ్యవస్థకు అంటకుండా ఎన్‌పీసీఐ ఆ సంస్థ లింకును కావాలనే తెంపేసింది. దాదాపు 300 చిన్న బ్యాంకుల కస్టమర్లకు యూపీఐ లాంటి చెల్లింపులు నిలిచిపోయినట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. మర్నాడు లింకు తిరిగి ఇచ్చారు. బ్రాంచ్‌ల నుంచి చూసినవాళ్లకు అది మరో 'సర్వర్ డౌన్'లాగే కనిపించి ఉంటుంది. అసలు సంగతి మాత్రం కాపాడటానికి తెంపిన లింకు.

అదే నెల 19న లైన్లు మామూలుగా ఉన్నా కంప్యూటర్లే కూలిపోయిన ఘటన కూడా జరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన తప్పు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెర చూపించాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు వైరల్ అయింది.

ఫిర్యాదు ఇలా పెడితే పని త్వరగా అవుతుంది

'సర్వర్ పనిచేయట్లేదు, అర్జెంట్' అనే మెసేజ్ చూసి సపోర్ట్ టీమ్‌కు ఏమీ అర్థం కాదు. దానికి బదులు ఇలా రాయొచ్చు.. "పొద్దున 10:20 నుంచి ఐదు కంప్యూటర్లలోనూ రావట్లేదు. పక్క బ్రాంచ్‌లో వస్తోంది. మోడెం లైట్లు పచ్చగానే ఉన్నాయి. గేట్‌వే పింగ్ అవుతోంది, 8.8.8.8 కూడా అవుతోంది. వీపీఎన్ కనెక్టెడ్ అంటోంది. సర్వర్ నంబర్‌కు, పేరుకు రెండింటికీ టైమ్డ్ అవుట్. నిన్న సాయంత్రం ఇంటర్నెట్ ప్లాన్ మారింది." దీనికి ఎర్రర్ తెర ఫొటో జత చేయాలి. ఫొటోలో కస్టమర్ ఖాతా నంబర్లు పడకుండా చూసుకోవాలి. ఇది చదివిన ఇంజినీర్ నేరుగా ఫైర్‌వాల్‌లో బ్రాంచ్ ఐపీ సరిచేస్తాడు.

ఫిర్యాదు పెట్టాక వచ్చే ఫోన్ల విషయంలోనూ ఓ కన్నేసి ఉంచాలి. "హెడ్డాఫీస్ ఐటీ నుంచి మాట్లాడుతున్నాం, ఎనీడెస్క్ వేసుకుని నంబర్ చెప్పండి" అంటే వెంటనే చెప్పేయొద్దు. ఫోన్ పెట్టేసి, ఆఫీసు రికార్డుల్లో ఉన్న హెల్ప్‌డెస్క్ నంబర్‌కు తిరిగి చేసి నిర్ధారించుకోవాలి. పాస్‌వర్డ్, ఓటీపీ ఏ ఇంజినీర్‌కూ అక్కర్లేదు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఆ కంప్యూటర్ ల్యాన్ వైరు లాగేసి, పాస్‌వర్డ్‌ను వేరే కంప్యూటర్ నుంచి మార్పించి, ముందు పైఅధికారికి చెప్పాలి. డబ్బు పోయి ఉంటే 1930 నంబర్‌కు వెంటనే ఫోన్ చేయాలి. ఇక సంస్థ వైపు నుంచి.. ఇలాంటి సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లోపు సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలన్న నిబంధన 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల నుంచి ఉంది.